గోడ మీది చీటీలు: తిరుమలగిరి ఆసుపత్రిలో పదిహేను రోజులు

విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు పెళ్లికో, పరీక్షకో, ఉద్యోగం వెతుక్కోడానికో వెళ్తారు. నేను నలభై నాలుగేళ్ల వయసులో, పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పనినే కొత్తగా ఎలా చెయ్యాలో చూసి రావడానికి వెళ్లాను. వెళ్లేటప్పుడు నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఈ కథనం నిజాయితీగా మొదలైనట్టవుతుంది.

మాది పన్నెండు మంది ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఎవరైనా ప్రోగ్రాం కావాలని వస్తే, మేం వాళ్ల దగ్గర నెలల తరబడి కూర్చుని ఏమేం కావాలో అడిగి, అంతా ఒక పుస్తకంలా రాస్తాం. ప్రతి పేజీ కింద సంతకం పెట్టించుకుంటాం. తర్వాత ఆఫీసులో కూర్చుని ఏడాది పాటు ఆ పుస్తకం ప్రకారం ప్రోగ్రాం రాసి, చివర్లో ఒకేసారి అప్పగిస్తాం. ఆ పుస్తకాలు రాయడంలో నాకు మంచి పేరుంది. అయితే అంతకు ముందు సంవత్సరం మా ఊళ్లోనే ఒక ఆసుపత్రికి ఏడాదిన్నర కష్టపడి చేసి ఇచ్చిన ప్రోగ్రాంని, వాళ్లు మూడు నెలలు వాడి, మళ్లీ రిజిస్టర్లు తీసుకున్నారు. "అక్కడి గుమాస్తాలకు కంప్యూటరంటే భయం" అని నేను మా యజమాని మూర్తి గారికి రిపోర్టు రాసి ఇచ్చాను.

ఎజైల్ అనే మాట అప్పుడప్పుడే మా వరకూ వచ్చింది; ఏడాది ఆగకుండా ప్రోగ్రాంని ముక్కలు ముక్కలుగా చేసి ఇచ్చే పద్ధతట. మూర్తి గారి స్నేహితుడి కంపెనీ సికింద్రాబాద్‌లో ఆ పద్ధతిలోనే ఒక ఆసుపత్రికి పని చేస్తోందట. "పార్వతి గారూ, పదిహేను రోజులుండి చూసి రండి. మనకు పనికొస్తుందో లేదో మీరే చెప్పాలి" అన్నారాయన.

సికింద్రాబాద్ స్టేషన్, సోమవారం పొద్దున

స్టేషన్ బయటికి రాగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. అల్వాల్ వెళ్లాలన్నాను. ఒకాయన నా పెట్టె అందుకుంటూ, "లోతుకుంట అవతలనా, ఇవతలనా?" అని అడిగాడు. నాకు తెలీదన్నాను. "తెల్వకుంటే ఎట్లమ్మా? గా ఇంటోళ్లకు జెర ఫోన్ కొట్టున్రి" అని, నేను మాట్లాడి పెట్టేసేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. దారంతా అతనే మాట్లాడాడు. ఇద్దరు తమ్ముళ్లు కంప్యూటర్ కోర్సులో చేరారట. "మా గల్లీల ఇంటికొక్కడు సాఫ్ట్‌వేర్ అంటుండు. గదేందో నాకైతే సమజ్ కాలే. మీకేమన్న ఎర్కనా?" అన్నాడు. నేను చేసే పని అదేనని చెబితే అద్దంలోంచి ఒకసారి నన్ను చూశాడు. నమ్మినట్టు లేదు.

అల్వాల్, హేమ ఇల్లు

హేమ మా చిన్నాన్న కూతురు. శ్రీకాకుళం నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. తలుపు తియ్యగానే "ఏటే పార్వతక్కా, అలగ చిక్కిపోయేవు?" అంది. అన్నేళ్లయినా ఆ యాస చెక్కుచెదరలేదు. కానీ గేటు దగ్గరికి కూరగాయల బండి రాగానే, "ఏంది భాయ్, గింత పిరమా?" అని బేరం మొదలుపెట్టింది. నేను నవ్వితే, "ఏటి చేస్తాం, మన మాటకి ఇక్కడ బేరం తగ్గదు" అంది.

ఆ పూట ఆనపకాయ బెల్లం పెట్టి వండింది. పక్కింటావిడ గిన్నెలో పచ్చిపులుసు ఇచ్చింది. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ, వేయించిన మిరపకాయ పిసికి వేస్తారు, పొయ్యి మీద పెట్టరు. మా వైపు పులుసంటే మరగాల్సిందే. మొదటి ముద్దకి వింతగా ఉంది. రెండోసారి నేనే గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

తిరుమలగిరి, మేడ మీది గది

మర్నాడు బస్సెక్కి, చౌరస్తా ఇంకా రాకుండానే దిగిపోయాను. ఎదురుగా మిలిటరీ గేటు, లోపల తెల్ల సున్నం వేసిన రాళ్ల మధ్య రోడ్డు. నేను అటే నడుస్తుంటే జవాను ఆపాడు. నాకు వచ్చిన హిందీ ఆసుపత్రి అనే ఒక్క మాట దగ్గరే అయిపోయింది. అతను నా సైగల్ని బట్టి అర్థం చేసుకుని, గేటు దాటి పది అడుగులు వచ్చి దారి చూపించాడు.

అది ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి. సాఫ్ట్‌వేర్ టీము తమ ఆఫీసులో కాకుండా అక్కడే, మేడ మీద పాత స్టోరు గదిలో కూర్చుంటుందని చెప్పారు. నేను వెళ్లేసరికి అయిదుగురు ఒక గోడ ముందు నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను అలవాటు చొప్పున కుర్చీ లాక్కుని, నోటుపుస్తకం తెరిచి కూర్చున్నాను. అయిదుగురూ నా వైపు చూశారు.

టీములో పెద్దవాడు నరేందర్. పెద్దవాడంటే ఇరవై ఎనిమిదేళ్లు. కరీంనగర్ వైపు కుర్రాడు. "మేడం, గిప్పుడు జెర నిలబడాలె. కూసుంటే మాటలు ఎక్కువైతయ్" అన్నాడు నవ్వుతూ. సిగ్గుపడి లేచాను.

ప్రతివాళ్లూ మూడు ముక్కలే చెప్పారు. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, ఎక్కడ ఆగిపోయారు. పావుగంటలో అయిపోయింది. గోడ మీద మూడు నిలువు గీతలు, వాటి మధ్య రంగు చీటీలు. చెయ్యాల్సినవి ఒక పక్క, చేస్తున్నవి మధ్యలో, అయినవి చివర. ఒక్కో చీటీ మీద ఒక్క వాక్యం. "పాత పేషెంటు మళ్లీ వస్తే పేరు కొట్టగానే వివరాలు రావాలి." అంతే.

"డాక్యుమెంటు ఏది?" అని అడిగాను.

నరేందర్ గోడ చూపించాడు.

"అది కాదు. సంతకాలు పెట్టిన డాక్యుమెంటు."

"లేదు మేడం. రెండు వారాలకు సరిపడ చీటీలు తీస్కుంటం. పని చేసే ముక్క తయారుచేస్తం. కింద వాడేటోళ్లకు చూపిస్తం. వాళ్లు బాగలేదంటే మార్చి, మల్ల రెండు వారాలు. ఏడాది తర్వాత వాళ్లకేం కావాలెనో ఇయ్యాల వాళ్లకే తెల్వదు. మనకెట్ల తెలుస్తది?"

నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లు నేను రాసినవన్నీ వృథా అన్నట్టే వినిపించింది. ఆ మాట పైకి అనలేదు. నోటుపుస్తకంలో మాత్రం "క్రమశిక్షణ లేదు" అని రాసుకున్నాను.

కింద, ఓపీ కౌంటర్

శుక్రవారం ఆ రెండు వారాల ముక్క చూపించే రోజు. మేం చూపించడమంటే ఏసీ గదిలో, తెర మీద, పెద్దవాళ్లకు. ఇక్కడ నరేందర్ నేరుగా కింద ఓపీ చీటీలు రాసే కౌంటర్‌కి తీసుకెళ్లాడు. అక్కడ కూర్చునే మణెమ్మకి యాభై ఏళ్లుంటాయి. కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని, ఒక్క వేలితో అక్షరాలు కొడుతుంది. కిటికీ అవతల నిజం పేషెంట్లే ఉన్నారు.

మొదటి ఇద్దరి వివరాలు బాగానే ఎక్కించింది. మూడో మనిషి ముసలాయన. పేరు, ఊరు అయ్యాక తెర పుట్టిన తేదీ అడిగింది. అది నింపకపోతే ముందుకు వెళ్లదు. మణెమ్మ కిటికీలోంచి, "పెద్దాయనా, ఎప్పుడు పుట్టినవ్?" అని అడిగింది.

ఆయన ఆలోచించి, "కరువొచ్చిన యాడాది అన్నరు బిడ్డా" అన్నాడు.

వెనక జనం కదలడం మొదలుపెట్టారు. మణెమ్మ కళ్లద్దాలు తీసి నరేందర్ వైపు తిరిగింది. "నరేందర్ సారూ, గీ పుట్టిన తారీఖు ఎవలకు ఎర్క? వయసు ఎంతంటే అందాజగ చెప్తరు. తారీఖే కావాలంటే నేనే ఏదో ఒకటి కొడ్త. అందరికీ జనవరి ఒకటే కొడ్త. మంచిదేనా?"

నరేందర్ చీటీ తీసి అక్కడే రాసుకున్నాడు. వయసు చాలు, తేదీ తెలిస్తే మాత్రమే. "సోమవారంకల్ల మారుస్త అక్కా" అన్నాడు. ఆమె తలూపి కళ్లద్దాలు పెట్టుకుంది.

నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మా ఊరి ఆసుపత్రి ప్రోగ్రాంలో పేషెంట్లలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు. అది చూసి నేను, మా వాళ్లు ఎంత నవ్వుకున్నామో! గుమాస్తాల బద్ధకమని రిపోర్టులో ఒక పేరా రాశాను. పుట్టిన తేదీ తప్పనిసరి అని పుస్తకంలో రాసింది నేను. సంతకం పెట్టింది వాళ్ల పెద్ద డాక్టరు. కౌంటర్లో కూర్చునే మనిషిని మేం ఎవ్వరమూ అడగలేదు. ఆవిడ పేరు కూడా నాకు తెలీదు.

ఆ మధ్యాహ్నం మణెమ్మే నన్ను భోజనానికి పిలిచింది. "ఒక్కదానివే ఏం తింటవమ్మా, రా" అంది. జొన్న రొట్టె, పుంటికూర. మా గోంగూరే, పేరు వేరు. రొట్టె తుంచడం నాకు చేతకాక ముక్కలు ముక్కలైంది. ఆమె నా చేతిలోంచి తీసుకుని ఎలా తుంచాలో చూపించింది. ఇంతకుముందు ఎవరైనా కంప్యూటర్ వాళ్లు నిన్నేమైనా అడిగారా అని అడిగాను.

"గీ పోరగాండ్లే అడిగిన్రు. మొదట్ల వచ్చినప్పుడు పరేషాన్ చేసిన్రు, అక్కా ఇదెట్ల, అదెట్ల అని. ఇప్పుడు రెండు దినాలు రాకుంటే నేనే పైకి పోయి చూస్త" అంది.

సాయంత్రం నోటుపుస్తకంలో "క్రమశిక్షణ లేదు" అన్న మాట కొట్టేశాను.

ఆదివారం, హైటెక్ సిటీ రైలు

హేమ నన్ను ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలెక్కించి హైటెక్ సిటీ చూపిస్తానంది. సికింద్రాబాద్‌లో ఎక్కినప్పుడు పూలబుట్టలు, పాలక్యాన్లు. బేగంపేట దాటేసరికి మెడలో కార్డులు వేసుకున్న పిల్లలే ఎక్కువ. ఆదివారం కూడా ఆఫీసేనా అని నా పక్కన కూర్చున్న అమ్మాయిని అడిగాను.

"రిలీజ్ ఉందండీ, రేపే ప్రోగ్రాం అప్పగించాలి" అంది. గుంటూరు అమ్మాయి, ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం. నేనెందుకు వచ్చానో చెబితే గట్టిగా నవ్వింది. "మాదీ ఎజైలేనండీ. రోజూ పొద్దున గంటన్నర నిలబెడతారు. ఎవరిది ఆలస్యమో అందరి ముందూ అడుగుతారు. ఏం చెయ్యాలో, ఏ రోజుకి ఇవ్వాలో ముందే రాసేసుంటుంది. మేం మార్చడానికేం లేదు. వాడేవాళ్లు ఎవరో, ఏ దేశంలో ఉన్నారో మాకు తెలీదు. గోడ మీద చీటీలు మాత్రం ఉన్నాయి."

"మరి దాన్ని ఎజైల్ అని ఎందుకంటున్నారు?"

"క్లయింటుకి ఆ మాట ఇష్టమండీ" అని, దిగేముందు తన సంచిలోంచి రెండు జంతికలు తీసి మా ఇద్దరికీ పెట్టింది. అద్దాల మేడల వైపు నడిచి వెళ్తుంటే వెనకనుంచి చూశాను. బాగా అలసిపోయినట్టు నడుస్తోంది. హేమ మేడలు చూపిస్తూ అంతస్తులు లెక్కపెడుతోంది గానీ నా మనసు ఆ పిల్ల మీదే ఉంది. మణెమ్మ లేకుండా చీటీలు మాత్రమే ఉంటే ఏమవుతుందో ఆ రైల్లో తెలిసింది.

రక్తం నిలవచేసే గది

మంగళవారం వచ్చింది. ఓపీ కౌంటర్ పని బాగా కుదరడంతో నరేందర్ టీము ఉత్సాహంగా ఉంది. తర్వాతి ముక్క రక్తం గది; దాని పని ముందు నుంచే నడుస్తోంది. ఏ పేషెంటుకి ఏ బ్యాగు ఇవ్వాలో కంప్యూటర్ చూపించాలి. వచ్చే సోమవారం ట్రస్టు ఛైర్మన్ వచ్చి రిబ్బన్ కత్తిరిస్తారని, ఆ రోజు నుంచే రిజిస్టరు ఆపేస్తారని అనుకున్నారు.

ఆ గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేసే టెక్నీషియన్ హమీద్ గారు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం. ఫ్రిజ్ తలుపు తీసినా, బ్యాగు పట్టుకున్నా చప్పుడు ఉండదు. బ్యాగు బయటికి ఇచ్చేముందు పేషెంటు పేరు, గ్రూపు, బ్యాగు నంబరు పైకి చదువుతారు. ఎదురుగా ఉన్న నర్సు తన కాగితం చూసి మళ్లీ చదవాలి. అప్పుడే చెయ్యి వదులుతారు.

ఆ రోజు ఉత్తుత్తి పేర్లతో పరీక్ష. హమీద్ గారు జాబితాలో ఒక పేరు నొక్కారు. గ్రూపు వచ్చింది, సరిపోయే బ్యాగులు వచ్చాయి. వెంటనే కింది పేరు నొక్కారు. పేరు మారింది. గ్రూపు మారలేదు. పరీక్ష కాగితంలో ఓ పాజిటివ్ అని ఉన్న మనిషి పక్కన, ముందటి మనిషి ఏబీ పాజిటివ్ అలాగే ఉండిపోయింది. కింద ఏబీ బ్యాగుల వరస, ఓ గ్రూపు మనిషికి ఎక్కిస్తే ప్రాణం తీసేవి.

ఒకటి రెండు క్షణాల తర్వాత తెర సర్దుకుంది. హమీద్ గారు రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అది బగ్, చాచా. చీటీ రాస్కుంటం. సోమవారం షురూ చేసినంక కూడ వచ్చే రెండు వారాల్ల సరిచేస్తం" అన్నాడు నరేందర్.

హమీద్ గారు గొంతు పెంచలేదు. "బేటా, మణెమ్మ దగ్గర తప్పైతే జనం ఆమె మీద గట్టిగ ఒర్లుతరు. తెల్లారి నువ్వు మారుస్తవ్. ఈడ తప్పైతే ఒర్లనీకి మనిషి ఉండడు."

నేను అతిథిని, చూడడానికి వచ్చినదాన్ని. అయినా ఊరుకోలేకపోయాను. "నరేందర్, ఇది సోమవారం మొదలుపెట్టొద్దు" అన్నాను.

అతని ముఖం ఎర్రబడింది. "మేడం, మీరు చూడనీకి వచ్చిన్రు. మీ పాత పద్ధతే కరెక్టని చెప్పనీకి ఛాన్స్ దొరికింది. గదే కదా?" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ మాట గుచ్చుకుంది. అందులో కొంత నిజం ఉందేమోనని నన్ను నేనే అడుక్కున్నాను. హమీద్ గారు టీ తెప్పించారు. తాగి లేస్తూ, "మంచి పిలగాడే అమ్మా. జల్ది ఎక్కువ" అన్నారు.

కల్నల్ గారి గది

బుధవారం పొద్దున నేను వెళ్లేసరికి నరేందర్ ఒక్కడే గోడ ముందు ఉన్నాడు. రక్తం గది చీటీలన్నీ గోడ మీంచి తీసి బల్ల మీద పరిచాడు.

"మేడం, నిన్న జెర ఎక్కువ మాట్లాడిన. మాఫ్ చెయ్యున్రి" అన్నాడు. "మా అక్కకు పోయినేడు కాన్పుల రక్తం ఎక్కించిన్రు. ఇంటికి పోయినంక యాదికొచ్చింది. గా బ్యాగు ఇచ్చినోడు ఎవడో, ఎన్నిసార్లు చూసిండో."

"నేను కూడా ఒకటి చెప్పాలి" అని జనవరి ఒకటి సంగతి మొత్తం చెప్పాను. రిపోర్టులో రాసిన పేరాతో సహా. అది నా తప్పని ఒకరికి చెప్పడం అదే మొదటిసారి.

తర్వాత ఇద్దరం ఆసుపత్రి పాలన చూసే రిటైర్డు కల్నల్ గారి దగ్గరికి వెళ్లాం. తెర మీద ఏం జరిగిందో దాచకుండా చెప్పాడు. సోమవారం కుదరదన్నాడు. ఆయన మీసం కదల్లేదు.

"ఛైర్మన్‌కి కార్డు వెళ్లిపోయింది. ఎన్ని రోజులు కావాలి?"

"రోజులు చెప్పలేను సార్. హమీద్ చాచా చాలన్నంక."

కల్నల్ గారు కిటికీ బయటికి చూసి, బల్ల మీద పెన్సిలు రెండుసార్లు తట్టారు. "ఓపీ కౌంటర్ పని చేస్తోందా?"

"చేస్తుంది సార్."

"అయితే రిబ్బన్ మణెమ్మ కిటికీకి కట్టండి. రక్తం గదికి వద్దు. ఇక వెళ్లండి."

బయటికొచ్చాక నరేందర్ నేరుగా హమీద్ గారి గదికి దారి తీశాడు.

మళ్లీ రక్తం గది, మూడు రోజులు

అప్పుడు నాకు పని దొరికింది. మూడు రోజులు హమీద్ గారి పక్కన కూర్చుని ఆయన చెప్పిన ప్రతి నియమం రాశాను. ఏ గ్రూపుకి ఏది ఇవ్వొచ్చు, ఏది ఏ పరిస్థితిలోనూ ఇవ్వకూడదు, గడువు ఎలా చూడాలి, ఎవరి సంతకం లేకుండా బ్యాగు కదలకూడదు. ఓపీ కౌంటర్ నియమాలు మణెమ్మకి వాడితే గాని తెలియలేదు. ఇక్కడివి ముందే తెలిసినవి, రేపు మారేవి కావు. వాటికి నంబర్లు వేశాను. నరేందర్ ప్రతి నంబరుకీ ముందు ఒక పరీక్ష రాయించి, ఆ తర్వాతే ప్రోగ్రాం రాయించాడు. రిజిస్టరు ఆపకుండా రెండూ పక్కపక్కనే నడపాలని, తేడా వస్తే రిజిస్టరు మాటే చెల్లాలని అనుకున్నాం.

నా పుస్తకమే గెలిచిందని లోలోపల కొంచెం గర్వపడ్డాను. అది శనివారం వరకే నిలిచింది.

శనివారం నరేందర్ అప్పటికి అయిన ముక్క హమీద్ గారికి చూపించాడు. ఒక పేషెంటు కోసం పక్కన పెట్టిన బ్యాగు, రెండు రోజులు దాటగానే తనంతట తానే మళ్లీ మామూలు జాబితాలోకి వచ్చేసింది. హమీద్ గారు కుర్చీలోంచి లేచారు.

"గిదేంది? డాక్టర్ సాబ్‌ని అడగకుండ ఎట్ల వదిలింది?"

నేను పుస్తకం తీశాను. పంతొమ్మిదో నియమం. రెండు రోజుల తర్వాత విడుదల. గురువారం నేను చదివి వినిపిస్తే ఆయన తలూపారు.

"నువ్వు చదివినప్పుడు నేను వదులుతననుకున్న అమ్మా. డాక్టర్‌ని అడిగి. అది వదులుతదనుకోలే" అన్నారు.

నరేందర్ నా వైపు చూశాడు. గెలిచినట్టు చూడలేదు. పెన్ను నా చేతికిచ్చాడు, నేను పంతొమ్మిదో నియమం దిద్దాను. కాగితం మీద నేనూ హమీద్ గారూ ఒప్పుకున్న మాటకి మా ఇద్దరి బుర్రల్లో రెండు అర్థాలున్నాయి. తెర మీద చూస్తే గాని బయటపడలేదు.

సోమవారం, రిబ్బన్

ఛైర్మన్ గారు వచ్చారు. మణెమ్మ కొత్త చీర కట్టుకుంది. రిబ్బన్ కత్తిరించాక ఆయన మాట్లాడ్డానికి గొంతు సవరించుకుంటుంటే, ఆమె కిటికీలోంచి, "సార్, జెర పక్కకు జరుగున్రి, లైన్ ఆగింది" అంది. కల్నల్ గారు నవ్వడం ఆ రోజే చూశాను. వెంటనే ముగ్గురి పేర్లు ఒక్క వేలితో ఎక్కించేసింది. వయసు అడిగింది, తారీఖు అడగలేదు.

అదే సాయంత్రం నా రైలు. హేమ పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. నరేందర్ స్టేషన్‌కి వచ్చి, నాకు కిటికీ పక్క సీటు దొరికిందో లేదో చూసి గాని వెళ్లలేదు.

విశాఖపట్నం

"ఎజైల్ మంచిదా కాదా, ఒక్క ముక్కలో చెప్పండి" అని మూర్తి గారు అడిగారు. ఒక్క ముక్కలో కుదరదన్నాను. అప్పుడు మా చేతిలో రెండు పనులున్నాయి. ఒకటి కల్యాణ మండపాల బుకింగు. వాళ్లకేం కావాలో వాళ్లకే తేలని పని, రోజూ మాట్లాడ్డానికి మేనేజరు సిద్ధంగా ఉన్నాడు, తప్పు జరిగితే మర్నాడు దిద్దుకోవచ్చు. దాన్ని చీటీలతో చేద్దామన్నాను. రెండోది ఒక ఫ్యాక్టరీలో బాయిలరు ఒత్తిడి పెరిగితే ఆపే ప్రోగ్రాం. దాని నియమాలు ముందే తెలుసు, తప్పు చేసి నేర్చుకునే వీలు లేదు. దానికి ముందు పుస్తకం, ప్రతి నియమానికీ పరీక్ష, అంతా సరిపోయాకే అప్పగింత. అయితే బాయిలరు దగ్గర నిలబడే మనిషికి మాత్రం వారం వారం చూపించాల్సిందే. ఆయన రెండు పనుల ఫైళ్లూ దగ్గరికి లాక్కుని, "అయితే రెండు రకాలుగానూ చెయ్యడం రావాలన్నమాట మనకి" అన్నారు. అవునన్నాను.

ఎవరైనా వెళ్లి చూద్దామనుకుంటే ఒక్క మాట చెబుతాను. గోడ ఎంత అందంగా ఉందో చూడకండి. ఆ చీటీలు రాయించిన మనిషి ఎక్కడ కూర్చున్నాడో అడగండి. చూపించలేకపోతే తిరిగొచ్చెయ్యండి.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఆఫీసుకి నరేందర్ ఫోన్ చేశాడు.

"మేడం, ఇయ్యాల రక్తం గది షురూ చేసినం. చాచా చాలన్నడు."

"అన్ని రోజులూ పక్కపక్కనే నడిపారా?"

"నడిపినం. మొదటి నెల మా ప్రోగ్రాం తప్పులే దొరికినయ్. తర్వాత తగ్గినయ్. చివరికి ఒకనాడు రిజిస్టర్‌కు, మా ప్రోగ్రాంకు తేడా వచ్చింది. అందరం మా ప్రోగ్రామే తప్పు అనుకున్నం. చూస్తే రిజిస్టర్ల చాచా ఒక నంబరు తిప్పి రాసిండు. బ్యాగు మాత్రం కరెక్టే ఇచ్చిండు. రాసుడే తప్పు."

"హమీద్ గారు ఏమన్నారు?"

"శానాసేపు రిజిస్టర్ చూసుకుంట కూసున్నడు మేడం. ఇరువై రెండేండ్లల్ల ఇంకెన్ని ఉన్నయో అన్నడు. మాకు భయమైంది, ఎందుకు చెప్పినమా అని. తర్వాత తనే లేచి, గా తేడా కాగితం మీద సంతకం పెట్టిండు. ఇగ షురూ చెయ్యున్రి అన్నడు."

మొదటి బ్యాగు ఎలా వెళ్లిందని అడిగాను.

"తెర మీద నంబరు వచ్చింది. చాచా బ్యాగు తీసిండు. పేరు, గ్రూపు, నంబరు పైకి చదివిండు. నర్సు మల్ల చదివింది. కంప్యూటర్ చూసింది కదా చాచా, ఇంక ఎందుకు అని మా టీము పిల్లోడు అడిగిండు. అది చూస్తది బేటా, బ్యాగు చేతికిచ్చేది నేను, అన్నడు మేడం."